అత్తగారు కావాలనే అలా చేశారా?

ప్రశ్న: నాకు పెళ్లయి నాలుగేళ్లు. ఈమధ్య మా అత్తగారింట్లో గృహప్రవేశం జరిగింది. ముత్తైదువులకు బొట్టు పెట్టి తాంబూలం ఇవ్వడానికి నేను పక్కనే నిలబడి ఉన్నాను. అత్తగారు నా ముందు నుంచే పళ్లెం తీసుకెళ్లి తోడికోడలి చేతికిచ్చారు. అందరిలో తల కొట్టేసినట్టయింది. ఆవిడ కావాలనే చేశారు. మా ఆయనేమో ‘అమ్మ మనసులో ఏమీ లేదు, నువ్వే ఊహించుకుంటున్నావు’ అంటారు. అప్పటినుంచి ఆవిడతో మాట్లాడటం లేదు. నాది తప్పా?

జవాబు: మీకు చిన్నతనంగా అనిపించడంలో తప్పేమీ లేదమ్మా. అత్తగారి ఉద్దేశం ఏదైనా మీ బాధ నిజమే. మీవారు దాన్ని కొట్టిపారేయడం సరికాదు. వాళ్లమ్మ మనసులో ఏముందో ఆయన అడగలేదు, మీరూ అడగలేదు. అయినా ఇద్దరూ తెలిసినట్టే మాట్లాడుతున్నారు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ కట్టెలు కొట్టే మనిషి గురించి చెప్పాడు. గొడ్డలి వేటు మనకు కనిపిస్తుంది. అతను కూలికి కొడుతున్నాడా, సొంత పొయ్యికా, ఎవరి మీదో కోపం కట్టె మీద తీర్చుకుంటున్నాడా అన్నది కనిపించదు. అది తెలిస్తేగానీ అతను అలా ఎందుకు చేస్తున్నాడో అర్థమైనట్టు కాదు.

పెద్దకోడలితో మొదలుపెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ కావచ్చు. వచ్చినవాళ్ల వరసలు ఆమెకే బాగా తెలుసనుకుని ఉండొచ్చు. మీరు నొచ్చుకుంటారని తెలిసీ ఆ హడావిడిలో పట్టించుకోకపోయి ఉండొచ్చు. అది తప్పే, కానీ అవమానించాలని చేసింది కాదు. మీరన్నట్టు కావాలనే చేసి ఉండొచ్చు కూడా. ఎదుటివాళ్లు ఏదైనా చేస్తే పరిస్థితిని తక్కువ చేసి, వాళ్ల బుద్ధినే ఎక్కువగా కారణంగా చూస్తుంటామని మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్ 1977లో రాశాడు. మీ మౌనం చూసి అత్తగారూ అదే చేస్తూ ఉంటారు. మీరు బాధపడ్డారని ఆవిడకు ఎవరూ చెప్పలేదు కదా, ‘చిన్నకోడలికి పొగరు’ అనుకుంటూ ఉండొచ్చు.

అందుకే అడగండి. పండగ పూట కాదు, నలుగురిలో కాదు, ఆవిడ వంటింట్లో ఒక్కరే ఉన్నప్పుడు. ‘అత్తయ్యా, ఆ రోజు పళ్లెం అక్కకిచ్చినప్పుడు నాకు చాలా బాధేసింది. ఏమనుకుని ఇచ్చారు?’ అంటే చాలు, పాత లెక్కలు తీయొద్దు. ఆవిడ ముందు సర్దిచెప్పుకోవచ్చు, విసుక్కోవచ్చు కూడా. ఆ ఒక్క మాటతో తేల్చేయకండి. మీ బాధ తెలిశాక ఆవిడ నడత చూడండి. వచ్చే శ్రావణ శుక్రవారం పేరంటంలో మిమ్మల్ని పిలిచి ఓ పని అప్పగిస్తే, నోటితో చెప్పకపోయినా ఆవిడ సర్దుకున్నట్టే. తెలిసి కూడా, మీ ఒక్కరి విషయంలోనే, నలుగురి ముందూ మళ్లీ మళ్లీ చేస్తే మాత్రం ఇక మీది ఊహ కాదు. అప్పుడు మిమ్మల్ని సర్దుకుపొమ్మని నేను చెప్పను. తల్లితో మాట్లాడాల్సింది మీవారే.

ఆయనకు మాత్రం ఇవాళే చెప్పండి. అమ్మది తప్పని ఒప్పుకోమని కాదు, మీకు బాధ కలిగిందన్నంత వరకు నమ్మమని.