క్రషర్ పనికి పోతున్న అల్లుడికి

అల్లుడా,

దేవరకొండ రోడ్డు మీది కంకర క్రషర్‌లో పనికి కుదిరావని అక్క ఫోన్‌లో చెప్పింది. వద్దనను, ఇంటి అవసరం నాకు తెలుసు. కానీ పంతొమ్మిదేళ్లు ఆ దుమ్ములో నిలబడ్డవాణ్ని, కాస్త విను.

మన శ్వాసనాళాల లోపలి కణాలకు సన్నని నూగులాంటి వెంట్రుకలు ఉంటాయి, సీలియా అంటారు, అవి సెకనుకు 10 సార్లకు పైనే కదులుతూ జిగురులో చిక్కిన దుమ్మును గొంతు దాకా తోసుకొస్తాయి. పొద్దున్నే ఉమ్మే బూడిద రంగు గల్ల అదే. బీడీ పొగ రోజూ తగిలితే ఆ వెంట్రుకలు దెబ్బతింటాయి, ఇక పోయిన దుమ్ము లోపలే. నేను చాయ్ తాగినప్పుడల్లా ఒకటి ముట్టించేవాణ్ని, ఇప్పుడు మేడ మెట్లు ఎక్కితే దమ్ము వస్తోంది. నువ్వు ముట్టకు, ఎవరు ఇచ్చినా సరే.

ఆ వెంట్రుకలు బాగున్నా అన్నింటినీ ఆపలేవు. గ్రానైట్ రాయిలో సిలికా ఉంటుంది, దాని కంటికి కనపడని పొడి ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి మచ్చలు కడుతుంది. ఆ జబ్బునే సిలికోసిస్ అంటారు, వస్తే పూర్తిగా నయంచేసే మందు లేదు, టీబీ కూడా తొందరగా అంటుకుంటుంది.

అందుకే ముందు నీళ్లు. రాయి పడే చోటా బెల్టు మీదా స్ప్రే నడుస్తోందా రోజూ చూడు. మా దగ్గర మోటరు ఖర్చని బంద్ చేయించేవాళ్లు, మేమూ నోరు మెదపలేదు, నువ్వు మాత్రం నలుగురిని కలుపుకొని అడుగు. దస్తీని నమ్ముకోకు. నేను రెండు మడతలు కట్టేవాణ్ని, సాయంత్రం విప్పితే లోపలి మడత కూడా ముక్కు దగ్గర తెల్లగా ఉండేది. ఎన్95 మాస్క్ పెట్టు, ముక్కు మీది తీగ గట్టిగా నొక్కు, గడ్డం గీసుకో, లేకపోతే పక్కలనుంచి గాలి దూరుతుంది. కంప్రెషర్ గాలితో బట్టలు అసలు దులుపుకోకు. ఇంటికి పోయేముందు అక్కడే మార్చుకో, చంటిదాన్ని ఎత్తుకుంటావు కదా.

బెల్లం ముక్క తింటే దుమ్ము దిగిపోతుందని అక్కడ అందరూ చెప్తారు. తిను, కానీ అన్నం పోయే దారి వేరు, గాలి పోయే దారి వేరు.

పనిలో చేరకముందే ఛాతీ ఎక్స్‌రే తీయించి దాచిపెట్టు, ఏటా ఒకటి తీయించు, పాతది పక్కన పెట్టి చూస్తేనే డాక్టర్‌కు తేడా తెలుస్తుంది. నా దగ్గర పాతది లేకపోయింది.

మాస్కుల డబ్బా ఒకటి అక్కతో పంపిస్తున్నా. అయిపోతే ఫోన్ చెయ్యి, ఇంకోటి పంపుతా.

మీ మామ