గోడ మీది బూడిదరంగు చిమ్మట ఏ ఊరిది?

ప్రశ్న: న్యూజీలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో ఉంటున్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు, రాత్రి వసారా దీపం పక్కన గోడకు అంటుకుని ఉన్న చిన్న బూడిదరంగు చిమ్మటను చూశాను. అది ఆ దేశంలో తప్ప ఇంకెక్కడా ఉండదని పక్కింటివారు చెప్పారు. చెన్నై తిరిగి వచ్చాక మా స్నానాలగది గోడ మీద అచ్చం అలాంటిదే కనిపించింది. నా పెట్టెలో వచ్చిందంటారా?
— ఒక పాఠకురాలు, టి. నగర్, చెన్నై

జవాబు: మీ పెట్టె మీద అనుమానం అక్కర్లేదు. రంగు కలిసినంత మాత్రాన రెండూ ఒకటే అనుకోవలసిన పని లేదు. చిమ్మటల్లో బూడిదరంగు చాలా కుటుంబాలకు ఉంది. పగలంతా చెట్టు బెరడు మీదో రాతి మీదో కదలకుండా కూర్చుని పక్షుల కంటపడకుండా ఉండాల్సిన ప్రాణికి అంతకంటె పనికొచ్చే రంగు మరొకటి లేదు.

వెల్లింగ్టన్‌లో మీరు చూసినది రెక్కలను త్రికోణంలా ముడుచుకుని కూర్చున్నదైతే, అది యూడోనియా అనే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) చెందినదై ఉండవచ్చు. విప్పిన రెక్కల కొలత సుమారు 2 సెంటీమీటర్లు. ఈ ప్రజాతి ఐరోపాలోనూ ఉంది గాని, న్యూజీలాండ్‌లోని దాని జాతులు చాలావరకు ఆ దేశానికే పరిమితం. ఆ భూభాగం సుమారు 8 కోట్ల ఏళ్ళ క్రితం గోండ్వానా అనే ప్రాచీన మహాఖండం నుంచి విడిపోయింది, ఇప్పుడు ఆస్ట్రేలియాకూ దానికీ నడుమ దాదాపు 2,000 కిలోమీటర్ల సముద్రం ఉంది. అందువల్ల అక్కడి చిమ్మటల్లో నూటికి 90 వంతుల జాతులు మరెక్కడా కనిపించవు. కాబట్టి పక్కింటివారి మాట నమ్మదగినదే. యూడోనియా గొంగళిపురుగుల్లో చాలా వాటికి నాచే ఇల్లు, నాచే తిండి. పెట్టెలో మడత పెట్టిన చీరల మధ్య వాటికి బతుకు లేదు, ఇక టి. నగర్ మే నెల ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు.

వెల్లింగ్టన్ పేరు వచ్చింది కనుక ఒక్క మాట: అక్కడి తపాలా ఉద్యోగి జార్జ్ వెర్నన్ హడ్సన్, పని ముగిశాక పురుగులు పట్టుకోవడానికి మరికొంత వెలుతురు కావాలని, వేసవిలో గడియారాన్ని రెండు గంటలు ముందుకు జరపాలంటూ 1895లో ప్రతిపాదించాడు. ఆ దేశపు చిమ్మటల మీద 1928లో పెద్ద గ్రంథం వెలువరించినదీ ఆయనే.

ఇక మీ స్నానాలగది. ఆ గోడ మీద గుమ్మడి గింజలా చదునుగా, బూడిదరంగులో, రెండు కొసలా తెరిచి ఉన్న చిన్న సంచి ఏదైనా వేలాడుతోందేమో చూడండి. ఇసుక రేణువులను, దుమ్మును పట్టుదారంతో అతికి ఒక గొంగళిపురుగు కట్టుకున్న గూడు అది. లోపలి పురుగు ఏ కొస నుంచైనా తల బయటపెట్టి, ఇల్లంతా మోసుకుంటూ పాకుతుంది. దాని నుంచి వచ్చే చిమ్మట 1 సెంటీమీటరు అటూఇటూ ఉంటుంది. మన సముద్రతీరపు తేమ దానికి బాగా పడుతుంది. రాలిన వెంట్రుకలు, ఉన్ని, పాత సాలెగూళ్ళు దాని ఆహారం, కనుక మూలల్లో బూజు దులిపి, గదిలోకి గాలి ఆడనిస్తే చాలు, మందు కొట్టనవసరం లేదు.