ట్యూబ్యూల్ ముక్కలే ఎక్కువ వస్తున్నాయా? ముందు మెడుల్లా తీసేయండి

గ్లోమెరులస్‌లు (రక్తాన్ని వడకట్టే సూక్ష్మ రక్తనాళాల ఉండలు) వేరుచేయడానికి ఎలుక కిడ్నీని జల్లెడ పడితే గ్లోమెరులస్‌లకన్నా ట్యూబ్యూల్ (మూత్రం తయారయ్యే సన్నటి గొట్టాల) ముక్కలే ఎక్కువ వస్తున్నాయన్నారు కదా, నా అనుమానం మొదటి కోత మీదే. గ్లోమెరులస్‌లు ఉండేది కిడ్నీ వెలుపలి భాగమైన కార్టెక్స్‌లోనే కాబట్టి కిడ్నీని కప్పి ఉన్న పల్చటి పొర ఒలిచి, లోపలి మెడుల్లాను మొహమాటం లేకుండా కోసి పారేసి, మిగిలినదాన్నే సన్నగా తరగండి. తర్వాత 180, 106, 75 మైక్రాన్ల జల్లెడలు వరసగా. మీకు కావలసింది చివరిదాని పైన ఆగుతుంది, చల్లటి బఫర్‌తో ఓపిగ్గా కడిగితే ట్యూబ్యూల్ ముక్కలు చాలావరకు కిందికి పోతాయి. కణజాలాన్ని విడదీసే ఎంజైమ్ కొలాజినేజ్ వాడితే మాత్రం టైమర్ పెట్టుకోండి, నేను ఒకసారి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోతే బ్యాచ్ మొత్తం విడి కణాలైపోయింది! గ్లోమెరులస్‌లు ల్యాబ్ ట్యూబులకి అంటుకుపోతున్నాయన్నారు, ఆ ట్యూబులనీ పిపెట్ టిప్పులనీ ముందే బీఎస్ఏ (ఒక ప్రోటీన్) ద్రావణంతో తడిపి వాడండి. చిట్టెలుకలకి మారితే ఈ సైజు జల్లెడలు కుదరవు, వాటి గ్లోమెరులస్‌లు ఇంకా చిన్నవి. గుండె ద్వారా 4.5 మైక్రాన్ల అయస్కాంత పూసలు పంపి, అవి గ్లోమెరులస్‌లలో చిక్కుకున్నాక మాగ్నెట్‌తో లాగడమే మేలు.