చియాంగ్ మాయ్‌లో ఎక్కడ తినాలి: చిన్నీకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

కార్తీక పౌర్ణమికి ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఉండేలా టికెట్లు చూస్తున్నామని, అల్లుడితో పాటు మీ అత్తగారు కూడా వస్తున్నారని రాశావు. చాలా సంతోషం. వాళ్ల దీపాల పండుగ యీ పెంగ్ కూడా దాదాపు ఆ పౌర్ణమికే వస్తుంది. వానలు తగ్గి, పొద్దునపూట కాస్త చలిగా, ఊరు హాయిగా ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అయితే అడవులూ పొలాలూ కాల్చిన పొగ ఊరంతా కమ్మేస్తుంది. అప్పుడు వెళ్తానంటే వద్దనేదాన్ని.

తిండికి మంచి చోట్లు చెప్పమన్నావు. చెప్తాను. కానీ ఆ ఊళ్లో ఏ కొట్టుకి వెళ్లావన్నది ఎంత ముఖ్యమో, ఎన్ని గంటలకు వెళ్లావన్నదీ అంతే ముఖ్యం. పొద్దున బజారు, మధ్యాహ్నం నూడుల్స్ కొట్టు, పొద్దుగూకాక కోట గుమ్మాల దగ్గర బళ్లు. అక్కడివాళ్లు తినే పద్ధతి ఇది. పేరున్న నూడుల్స్ కొట్లు చాలావరకు మధ్యాహ్నం మూడు గంటలకల్లా గిన్నెలు కడిగేసుకుంటాయి. హోటల్లో ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ ఉంది కదా అని పది గంటలకు కడుపునిండా తిని, గుళ్లు చూసి, నాలుగింటికి ఆకలేసి బయల్దేరితే మీకు దొరికేవి టూరిస్టుల కోసం తెరిచి ఉంచిన చోట్లే. అక్కడ ప్యాడ్ థాయ్ అనే నూడుల్స్ వేపుడు పెడతారు. అది బాగానే ఉంటుంది గానీ ఆ ఊరి తిండి కాదు.

ఆ ఊరిది వేరే చరిత్ర. 1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన నగరం, లాన్నా రాజ్యానికి రాజధాని. 1558 నుంచి రెండు వందల ఏళ్లకు పైగా బర్మా ఏలుబడిలో ఉంది. చైనాలోని యునాన్ నుంచి కంచరగాడిదల మీద సరుకులు వేసుకుని ముస్లిం వర్తకులు ఆ దారినే వచ్చేవారు. వీళ్లందరి రుచులూ అక్కడి వంటలో కలిశాయి. సముద్రం దూరం కాబట్టి బ్యాంకాక్ వంటలో ఉన్నంత కొబ్బరిపాలు, తీపి ఇక్కడ కనిపించవు. కారం, చేదు, పులుపు, నిప్పుల మీద కాల్చిన వాసన ఎక్కువ.

కొబ్బరిపాలు బాగా పడేది ఖావ్ సోయ్ అనే నూడుల్స్‌లో. అక్కడ మీ మొదటి మధ్యాహ్నం అదే తినండి. పసుపు, ధనియాలు, ఎండుమిర్చి నూరి చేసిన కొబ్బరిపాల పులుసులో మెత్తటి గుడ్డు నూడుల్స్, పైన అవే నూడుల్స్ కరకరలాడేలా వేయించి వేస్తారు. పక్కన చిన్న పళ్లెంలో ఊరబెట్టిన ఆవకూర, పచ్చి చిన్నుల్లి ముక్కలు, నిమ్మబద్ద ఇస్తారు. ఇంకో గిన్నెలో నూనెలో వేయించిన నల్లటి కారం ఉంటుంది. ముందు పులుసు ఒక చెంచా ఉత్తినే రుచి చూడు. తర్వాత నిమ్మకాయ పిండి, ఆవకూర, ఉల్లి కలుపుకో. కారం చివర్లో, కొంచెం కొంచెంగా. ఇవేమీ కలపకుండా తినేసి ‘మరీ కమ్మగా ఉంది, ముఖం మొత్తింది’ అనే మనవాళ్లను చాలామందిని చూశాను. ఆ పులుపూ ఆ ఉల్లీ పడితేనే ఆ పులుసుకి ప్రాణం.

పింగ్ నది అవతలి ఒడ్డున ఫా హామ్ అనే పేట ఉంది. అక్కడ ఒకే రోడ్డు మీద లామ్ డువాన్, సమర్ జాయ్ అని పాత కొట్లు రెండున్నాయి. రెండూ మంచివే. నాకు మాత్రం నైట్ బజార్ దగ్గర చరోన్ ప్రథేత్ మొదటి సందు అంటే ఇష్టం. అక్కడ బాన్ హో మసీదు ఉంది. యునాన్ నుంచి వచ్చిన ముస్లింలు తరతరాలుగా ఉంటున్న వీధి. అక్కడి ఖావ్ సోయ్‌లో మసాలా ఘాటు ఎక్కువ, పందిమాంసం అసలు ఉండదు. అల్లుడు పందిమాంసం తినడని రాశావు కాబట్టి ఆ వీధిలో అతనికి ఏ టెన్షనూ ఉండదు. కాకపోతే గొడ్డుమాంసం వండుతారు. ‘గాయ్’ అంటే కోడి, ‘నుయె’ అంటే గొడ్డుమాంసం, ‘మూ’ అంటే పంది, ‘ప్లా’ చేప, ‘కుంగ్’ రొయ్య. ఈ ఐదు మాటలూ ముగ్గురూ విమానంలోనే బట్టీ పట్టండి. ‘ఖావ్ సోయ్ గాయ్’ అని అడిగితే కోడి కాలు వేసిన గిన్నె వస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నంతో తినే వంటకాలకి వెళ్లండి. పాత ఊళ్లో, కందకం లోపల, రాచమంకా రోడ్డులో హువెన్ ఫెన్ ఉంది. పగలు ముందు భాగంలో మామూలు భోజన హోటల్‌లా నడుస్తుంది. రాత్రి వెనకాల పాత సామాన్లతో నిండిన ఇంట్లో వడ్డిస్తారు. నాకు పగటి భోజనమే నచ్చుతుంది. నిమ్మన్ అనే పేట వైపు బస చేస్తే 13వ సందులో తోంగ్ తెమ్ తో ఉంది. లైన్ పెద్దది, పదకొండున్నరకే వెళ్లండి. ఎక్కడికి వెళ్లినా నువ్వు అడగాల్సిన మొదటి వంటకం నామ్ ప్రిక్ నుమ్. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, చిన్నుల్లి నిప్పుల మీద కాల్చి రోట్లో దంచుతారు. గుంటూరు అమ్మాయివి, నీకు పుట్టింటికి వచ్చినట్టుంటుంది. ఉడికించిన గుమ్మడి, బెండ, వంకాయ ముక్కలతో ఇస్తారు. పంది తోలు వేపుడు కూడా పక్కన పెడతారు, అల్లుడి కోసం అది వద్దని చెప్పు.

గేంగ్ హంగ్ లే అని అల్లం, చింతపండు, వేరుశనగలు వేసి వండే పందిమాంసం కూర ఒకటుంది. బర్మా నుంచి వచ్చింది, మన గరంమసాలాకి దగ్గరి వాసన. నువ్వు తింటానంటే తప్పక తిను. నిమ్మగడ్డి, నిమ్మాకు దట్టించిన సాయ్ ఉవా సాసేజ్ కూడా పందిమాంసమే. నామ్ నియావ్ అనే టమాటా పులుసు నూడుల్స్‌లో ఎండబెట్టిన బూరుగు పూల కేసరాలు వేస్తారు. మనదగ్గర దూది కోసం చూసే చెట్టు పువ్వులు అక్కడ పులుసులోకి పోతాయి. కానీ అందులో గడ్డకట్టిన పంది రక్తం ముక్కలు కూడా ఉంటాయి, అల్లుడికి ముందే చెప్పు.

వీటన్నిటికీ మామూలు అన్నం తీసుకోకండి. ‘ఖావ్ నియావ్’ అని అడగండి. వెదురు బుట్టలో జిగురు బియ్యపు అన్నం వస్తుంది. కాస్త తీసి వేళ్లతో ఉండ చేసి, పచ్చట్లోనో కూరలోనో అద్దుకుని తినడమే. చేత్తో తినడానికి మొహమాటపడకు, చుట్టూ అందరూ అలాగే తింటుంటారు. బుట్ట మూత మాత్రం వెంటనే పెట్టేస్తుండు, గాలి తగిలితే అన్నం గట్టిపడిపోతుంది.

‘లాబ్ దిప్’ అంటే పచ్చి మాంసం, పచ్చి రక్తంతో కలిపింది. దాన్ని ఎవరు ఎంత ప్రేమగా పెట్టినా తినొద్దు. పచ్చి పందిమాంసం వల్ల వచ్చే ఇన్ఫెక్షన్‌తో ఆ ప్రాంతంలో మనుషులు చనిపోయారు, బతికినవాళ్లలో కొందరికి చెవుడు వచ్చింది. ‘లాబ్ ఖువా’ అని అడిగితే వేయించి ఇస్తారు. అది నిశ్చింతగా తినొచ్చు.

ఇక మీ అత్తగారి సంగతి. ఆవిడకి ఏం పెట్టాలో తెలియక బ్రెడ్డూ అరటిపళ్లూ పెట్టుకు తిరగాలేమోనని భయపడుతున్నావు. అవసరం లేదమ్మా. ఆవిడ కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు కదా, థాయ్‌లాండ్‌లో సరిగ్గా అలాంటి వంటే ఉంది. దాన్ని ‘జే’ అంటారు. చైనీయ బౌద్ధుల ఆచారం. మాంసం, చేప, గుడ్డు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా నిషేధం. పసుపు రంగు గుడ్డ మీద ఎర్రటి అక్షరం ఉన్న జెండా కొట్టు ముందు వేలాడుతుంది, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. ఆ అక్షరం ఫొటో ఫోన్‌లో పెట్టుకో. అక్కడ ట్రేలలో కూరలు పెట్టుంటాయి, రెండో మూడో చూపిస్తే అన్నం మీద వేసి తక్కువ ధరకే ఇస్తారు.

రెండు జాగ్రత్తలు. జే కొట్లలో సోయాతో, గోధుమ పిండితో చేసిన ముక్కలు అచ్చం మాంసంలాగే కనిపిస్తాయి. ఆవిడ కంగారుపడకముందే నువ్వు చెప్పు, లేదా సోయా పాలతో చేసే టోఫూ, పుట్టగొడుగులు, ఆకుకూరలు ఉన్నవే చూపించు. ఇంకోటి, ఈ కొట్లు చాలావరకు సాయంత్రానికే మూసేస్తారు. సోమవారం నక్తం ఉంటారేమో, చుక్క చూసి తినే వేళకి అక్కడ ఏమీ దొరకదు. మధ్యాహ్నమే ప్యాక్ చేయించి పెట్టుకో.

మామూలు హోటళ్లలో మాత్రం ‘వెజిటేరియన్’ అన్న మాటని నమ్ముకోవద్దు. మాంసం తీసేసి ఇస్తారు, చేపల సాస్ పోస్తారు. ‘కిన్ జే’ అంటే జే తింటాను అని. ‘మై సాయ్ నామ్ ప్లా’ అంటే చేపల సాస్ వెయ్యొద్దు, ‘మై సాయ్ కపి’ అంటే రొయ్యల ముద్ద వెయ్యొద్దు. చివర్లో మర్యాదకి నువ్వయితే ‘ఖా’ అను, అల్లుడయితే ‘ఖ్రాప్’ అనాలి. నామ్ ప్రిక్ నుమ్‌లో కూడా చాలాచోట్ల చేప కలుస్తుంది. లేత పనసకాయ దంచి చేసే తామ్ ఖనూన్ చూసి పనసపొట్టు కూరేనని ఆవిడ ముచ్చటపడతారు, అందులో పందిమాంసం ఉండొచ్చు. ఇవి రెండూ జే కొట్టులో దొరికితేనే ఆవిడకి పెట్టు.

బజార్ల విషయం. పొద్దున్నే వరోరోత్ బజారుకి వెళ్లండి, ఊరివాళ్లు కాడ్ లువాంగ్ అంటారు. కింది అంతస్తులో పచ్చళ్లు, సాసేజ్‌లు, ఎండబెట్టిన పళ్లు. పక్కనే నది వైపు పూల బజారు. పండుగ రోజుల్లో అరటి దొప్పల్లో పూలు పేర్చి, నీళ్లలో వదిలే దీపాలు అమ్ముతారు. మీ అత్తగారిని అక్కడ కాసేపు నిలబడనివ్వు, తొందరపెట్టకు. అరటి దొప్పల్లో దీపాలు వదిలే మనిషి ఆవిడ, ఆ బజారు ఆవిడకి ఎవరూ వివరించక్కర్లేదు.

శుక్రవారం పొద్దున బాన్ హో మసీదు ఎదుట సంత జరుగుతుంది. కొండల్లోంచి యునాన్ వాళ్లు, షాన్ తెగవాళ్లు వచ్చి అమ్ముతారు. ఆ ఊళ్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పూట ఇదే. షాన్ వాళ్ల టోఫూ సోయాతో కాదు, శనగపిండితో చేస్తారు. వేడివేడిగా జావలా పోసి ఇస్తారు, ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు కూడా. నువ్వూ అల్లుడూ రెండూ తినండి. మీ అత్తగారికి మాత్రం ఏ నూనెలో వేయిస్తున్నారో చూసి, పైన వెల్లుల్లి, సాస్ వేయకుండా అడుగు. పదింటికల్లా సరుకు తగ్గిపోతుంది, ఏడింటికి అక్కడుండండి.

ఆదివారం సాయంత్రం తా ఫే గేటు నుంచి రాచదామ్నోన్ రోడ్డు పొడుగునా సంత. తిండి బళ్లు ఎక్కువగా గుడి ఆవరణల్లో ఉంటాయి. ఐదింటికి వెళ్తే కూర్చుని తినొచ్చు, ఏడు దాటితే నడవడమే కష్టం, మీ అత్తగారి మోకాళ్లకి మంచిది కాదు. బియ్యప్పిండి, కొబ్బరిపాలు గుంటల పెనం మీద పోసి చేసే ఖనోమ్ క్రోక్ ఆవిడకి కొనిపెట్టు, కొందరు పైన ఉల్లికాడలు చల్లుతారు, అవి లేనివి అడుగు. మిగతా రాత్రుళ్లు ఉత్తరాన చాంగ్ ఫువాక్ గుమ్మం, దక్షిణాన చియాంగ్ మాయ్ గుమ్మం దగ్గర బళ్లు పెడతారు. మీ బసకి ఏది దగ్గరైతే అది. గుండ్రటి పొట్టి బల్ల మీద వడ్డించి నాట్యం చూపించే ఖన్తోక్ డిన్నర్ అని ఏజెంట్లు చెప్తారు. నాట్యం కోసం వెళ్తే వెళ్లండి, తిండి కోసం మాత్రం డబ్బు పెట్టకండి.

ఇంత రాశాక నాకు తోచింది ఒకటే, మీ ప్రయాణంలో శుక్రవారం పొద్దున, ఆదివారం సాయంత్రం రెండూ కలిసి రావాలి. గురువారం రాత్రికి దిగి సోమవారం బయల్దేరేలా టికెట్లు దొరుకుతాయేమో అల్లుణ్ణి చూడమను. పౌర్ణమి ఆ మధ్యలో పడకపోతే ఒకట్రెండు రోజులు అటో ఇటో పొడిగించండి. పండుగకి గదులు ముందే నిండిపోతాయి కాబట్టి ఈ వారంలోనే తేల్చుకుని, కందకం లోపల తూర్పు వైపు బస చూసుకోండి. బజారుకీ, సంతకీ అక్కడి నుంచి మీ అత్తగారు కూడా నడిచి వెళ్లగలుగుతారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ