హెచ్‌డీలో మెరిసిన జరీ డీవీడీలో ఎందుకు వణుకుతోంది?

ప్రశ్న: సార్, మా చెల్లెలి పెళ్లి కావలిలో జరిగింది. హెచ్‌డీ క్యామ్‌కార్డర్‌తో 1080ఐలో తీశాం, ఎడిటింగ్ అయ్యాక 2 గంటల 10 నిమిషాలు వచ్చింది. కంప్యూటర్లో అదిరిపోతోంది. కనిగిరిలో మా అమ్మమ్మ వాళ్లింట్లో టీవీకి డీవీడీ ప్లేయర్ ఒక్కటే ఉంది, ఆమె కోసం డిస్క్ రాయిస్తే అంతా మసక. పెళ్లికూతురి వెంకటగిరి చీర జరీ అంచు మినుకుమినుకుమంటోంది, ఊరేగింపు డాన్సుల్లో మనుషుల చుట్టూ గీతలు. బిట్‌రేట్ (సెకనుకి వాడే డేటా) 9800కి పెంచితే సరిపోతుందని స్టూడియో ఆయన అంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: కాదండీ. 9800 కేబీపీఎస్ అనేది డీవీడీలో వీడియోకి ఉన్న గరిష్ఠ పరిమితి, ఆ లెక్కన మీ వీడియో ఒక్కటే తొమ్మిదిన్నర జీబీ అవుతుంది, మామూలు డిస్కులో పట్టేది 4.7 జీబీ. ఆడియోకి 192, మెనూ గట్రాకి కొంచెం తీసేస్తే మీకు మిగిలే సగటు 4400 దగ్గర. ఒక్క డిస్కులోనే ఇరికించాలని పట్టుబట్టకుండా ముహూర్తం ఒకదాంట్లో, రిసెప్షన్ ఇంకోదాంట్లో పెట్టండి, అప్పుడు హాయిగా 7500 ఇవ్వొచ్చు. అంతకుమించి పెంచినా కంటికి తేడా తెలియదు, పాత ప్లేయర్లు మాత్రం మధ్యమధ్యలో ఆగుతాయి.

అయితే మీరు చెప్పిన గీతలకీ బిట్‌రేట్‌కీ సంబంధం లేదు. 1080ఐ అంటే సెకనుకి 50 సగం బొమ్మలు (వీటినే ఫీల్డ్‌లంటారు), ఒక సగంలో బేసి వరసలు, ఇంకో సగంలో సరి వరసలు, రెండూ వేర్వేరు క్షణాల్లో తీసినవి. ఆ రెండిటినీ విడదీయకుండా డీవీడీ కోసం ఎత్తుని 1080 వరసల నుంచి 576కి కుదించేస్తే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, కదిలే ప్రతి చెయ్యికీ దువ్వెన పళ్లలాంటి అంచు వస్తుంది. ఇలా కలిసిపోయాక ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. అందుకని ముందు డీఇంటర్లేస్ చేసి, అంటే ఆ సగాలని విడదీసి, సెకనుకి 50 పూర్తి ఫ్రేములు తీయండి (ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో యాడిఫ్ ఫిల్టర్ చాలు, అవిసింథ్ అనే స్క్రిప్టు సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్లకి అందులోని క్యూటీజీఎంసీ ఇంకా శుభ్రంగా చేస్తుంది, కాకపోతే కంప్యూటర్ రాత్రంతా నడవాల్సి రావచ్చు), తర్వాత లాంక్‌జోస్ పద్ధతిలో 720×576కి కుదించి, ఆఖర్న మళ్లీ ఇంటర్లేస్ చేయండి, అంటే సగం బొమ్మలుగా మార్చండి. పై ఫీల్డ్ ముందు అని పెట్టడం మర్చిపోవద్దు. అది తిరగబడితే డోలు కొట్టే చెయ్యి ముందుకీ వెనక్కీ వణుకుతుంది.

జరీ సంగతి వేరే. 1080లో ఒక వరస మందం ఉన్న జరీ పోగు డీవీడీలో సగం వరసకి వస్తుంది, అది ఒక ఫీల్డ్‌లో కనబడి ఇంకో ఫీల్డ్‌లో మాయమవుతుంటే మీకు మినుకుమన్నట్టు ఉంటుంది. కుదించాక నిలువు దిశలో మాత్రమే కొద్దిగా మెత్తబరిస్తే ఆగిపోతుంది. షార్ప్‌నెస్ పెంచారో, ఇంకా ఎక్కువవుతుంది! స్టూడియోల్లో సాధారణంగా చేసేది మాత్రం అదే. పేర్లకి సన్నటి అక్షరాలు వాడినా ఇదే గోల.

రంగులు కూడా ఒకసారి చూసుకోండి. హెచ్‌డీ రంగుల లెక్క 709, డీవీడీది 601, మార్చకుండా వదిలేస్తే ఎరుపూ ఆకుపచ్చా కాస్త తేడా కొడతాయి. ఎన్‌కోడ్ చేసేటప్పుడు ఎంపెగ్-2, రెండు పాస్‌ల వీబీఆర్ (సీన్‌ని బట్టి మారే బిట్‌రేట్), గరిష్ఠం 8000, 16:9. అంతే.

ఇంత చేసినా డీవీడీ హెచ్‌డీ అవదు. 1920×1080లో ఉన్న చుక్కల్లో సరిగ్గా ఐదో వంతే 720×576లో ఉంటాయి. అసలు ఫైళ్లని హార్డ్‌డిస్కులో దాచుకోండి, స్టూడియో ఆయన డిలీట్ చేయకముందే అడిగి తెచ్చుకోండి.

ప్రశ్న: ఫోన్‌లో తీసిన వీడియోని డీవీడీ చేస్తే బొమ్మ కుదుపులుగా నడుస్తోంది. ఎందుకు?
- ఒక పాఠకురాలు, పొదిలి

జవాబు: ఫోన్లు ఎక్కువగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తాయి, మన దేశపు టీవీ పద్ధతైన పాల్ డీవీడీకి కావాల్సింది 25. సెకనుకి ఐదు ఫ్రేములు పీకేస్తే కుదుపు రాక ఏమొస్తుందమ్మా. అమెరికా టీవీ పద్ధతైన ఎన్‌టీఎస్‌సీలో డీవీడీ చేయండి, 720×480, 29.97 ఫ్రేములు. మన దగ్గర దొరికే ప్లేయర్లు చాలావరకు రెండూ ఆడతాయి. ముందు ఒక్క డిస్క్ రాసి, మీ ప్లేయర్లో ఆడిందో లేదో చూసుకున్నాకే మిగతావి రాయించండి.