ధర పెరిగినంత శాతమే వాడకం తగ్గించాలా?

ప్రశ్న: కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాను. ‘ఉల్లి ధర 25 శాతం పెరిగింది. ఖర్చు పెరగకూడదంటే వాడకం ఎంత శాతం తగ్గించాలి?’ అన్న లెక్కకు 25 అని పెట్టాను. కీలో 20 ఉంది. ఎలా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: శాతం కనిపించగానే ‘దేనిలో?’ అని అడగండి. ధర పెరిగింది పాత ధర మీద, తగ్గించాల్సింది పాత వాడకం మీద. కర్నూలు మార్కెట్లో కిలో 20 రూపాయల ఉల్లి 25 అయిందనుకోండి. మునుపు 100 రూపాయలకు 5 కిలోలు వచ్చేవి, ఇప్పుడు 4 వస్తాయి. 5లో 1 తగ్గింది, అంటే 20 శాతం.

పరీక్షలో ఇంత రాసే టైం ఉండదు కాబట్టి శాతాన్ని భిన్నం చేయండి. 25 శాతం అంటే 1/4. ధర పెరిగితే హారానికి లవాన్ని కలపాలి: 1/5. ధర తగ్గితే హారంలోంచి లవాన్ని తీసేయాలి, అప్పుడు వచ్చేది వాడకం ఎంత పెంచవచ్చో. చాలామంది ‘1 కలిపితే చాలు’ అని బట్టీ పట్టి, 40 శాతం దగ్గర బోల్తా పడతారు. అది 2/5, కాబట్టి జవాబు 2/7, 2/6 కాదు.

సరిచూసుకోవడం తేలికే. పాత ధర 100, పాత వాడకం 100 అనుకోండి: 125 × 80 = 10000, అదే 100 × 100. మీ 25 పెడితే 125 × 75 = 9375, ఖర్చే తగ్గిపోయింది!

‘ఖర్చు 10 శాతం పెరగవచ్చు’ అని ఉంటే మాత్రం ఈ కిటుకు పనికిరాదు. 110ని 125తో భాగించండి: 0.88. అంటే వాడకం 12 శాతం తగ్గాలి.