అడగండి – చెబుతాం: డెబియన్‌లో ఎవరి మాట చెల్లుతుంది?

ప్రశ్న: డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో చేర్చాలని ఒక చిన్న కమాండ్‌లైన్ టూల్‌ను ప్యాకేజీగా చేసి, కొత్తవాళ్ల ప్యాకేజీలు పెట్టే మెంటర్స్ సైట్‌లో పెట్టాను. నా తరఫున అప్‌లోడ్ చేసే డెవలపర్, అంటే స్పాన్సర్ కావాలని ఆర్‌ఎఫ్‌ఎస్ (స్పాన్సర్ అభ్యర్థన) బగ్ కూడా వేశాను. నెలన్నరగా పలికిన నాథుడు లేడు. తెలిసినవాళ్లుంటేనే పని జరుగుతుందా?
— బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: డెబియన్ రాజ్యాంగం మొదట్లోనే ఒక మాట ఉంది: ఎవరితోనూ బలవంతంగా పని చేయించకూడదు. కాబట్టి మీ ప్యాకేజీని చూడాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు. పైగా స్పాన్సర్ తన డిజిటల్ కీతో సంతకం చేసి అప్‌లోడ్ చేశాక మీరు కనిపించకుండా పోతే, ఆ ప్యాకేజీ ఆయన మెడకు చుట్టుకుంటుంది. కొత్తవాళ్లు కొత్త ప్యాకేజీతో వస్తే డెవలపర్లు వెనకాడేది అందుకే.

ముందు మీ వైపు నుంచి సరిచూసుకోండి. ప్యాకేజీ చేస్తున్నానని ముందే ప్రకటించే ఐటీపీ బగ్‌ను డబ్ల్యూఎన్‌పీపీ (పని కావాల్సిన, రాబోయే ప్యాకేజీల జాబితా) పేరు మీద వేశారా? ఛేంజ్‌లాగ్‌లో ఆ బగ్ నంబరు 'క్లోజెస్' పక్కన ఉందా? ప్యాకేజీలోని తప్పులు పట్టే లింటియన్‌లో ఎర్రర్లు ఏమీ మిగలకూడదు. అంతకన్నా ముఖ్యం, ఎస్‌బిల్డ్ అనే టూల్‌తో శుభ్రమైన క్రూట్‌లో (మీ సిస్టమ్‌లోని లైబ్రరీలు అందని వేరే వాతావరణంలో) బిల్డ్ చేసి చూడాలి. మీ ల్యాప్‌టాప్‌లో లైబ్రరీలన్నీ ముందే ఉంటాయి గనక, బిల్డ్-డిపెండ్స్‌లో (బిల్డ్‌కు కావాల్సినవాటి జాబితాలో) ఒకటి మర్చిపోయినా అక్కడ తెలియదు. క్రూట్‌లో వెంటనే బయటపడుతుంది. బిల్డ్ మధ్యలో పిప్‌తోనో ఎన్‌పీఎంతోనో ఇంటర్నెట్ నుంచి ఏదైనా దించుకుంటుంటే అది పాలసీకే విరుద్ధం.

స్పాన్సర్ దొరికాక, కొత్త ప్యాకేజీలు ఆమోదం కోసం ఆగే న్యూ క్యూ ఉంటుంది. అక్కడ డెబియన్ ప్యాకేజీల భాండారాన్ని చూసుకునే ఎఫ్‌టీపీమాస్టర్ బృందం ఎక్కువగా చూసేది కాపీరైట్ ఫైలునే. సోర్స్‌లో ఏదో మూలన మినిఫై చేసిన (చదవలేనంతగా కుదించిన) జావాస్క్రిప్ట్ ఉండి దాని అసలు సోర్స్ లేకపోయినా, ఒక్క ఐకాన్ 'వాణిజ్యానికి వాడరాదు' అనే లైసెన్స్‌తో ఉన్నా తిప్పి పంపేస్తారు. అలాంటి ఫైళ్లను కాపీరైట్ ఫైలులోని 'ఫైల్స్-ఎక్స్‌క్లూడెడ్' వరుసలో చేర్చండి. యూస్కాన్ అనే టూల్‌తో టార్‌బాల్‌ను (సోర్స్ మూటను) మళ్లీ కట్టి, వెర్షన్‌కు '+డీఎఫ్‌ఎస్‌జీ' (డెబియన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాల పొట్టి పేరు) తగిలించండి.

చాలామంది బోల్తాపడే చోటు ఇంకోటుంది. న్యూ క్యూకు వెళ్లే మొదటి అప్‌లోడ్‌లో బైనరీలు (బిల్డ్ చేసిన ఫైళ్లు) కూడా పంపాలి. అలా మన చేత్తో కట్టిన బైనరీలు మాత్రం టెస్టింగ్‌లోకి, అంటే తర్వాతి విడుదలకు సిద్ధమయ్యే విభాగంలోకి పోవు. అందుకని ఆమోదం వచ్చాక వెర్షన్ పెంచి, సోర్స్ ఒక్కటే మరోసారి అప్‌లోడ్ చేయించాలి. ఇది తెలియక, ప్యాకేజీలు ముందుగా చేరే అన్‌స్టేబుల్‌లో నెలల తరబడి ఇరుక్కుపోయే ప్యాకేజీలుంటాయి. అర్జెన్సీ 'మీడియం' అయితే మామూలుగా 5 రోజుల్లో టెస్టింగ్‌కు చేరుతుంది.

నిజానికి కొత్త ప్యాకేజీతో మొదలుపెట్టడమే తప్పుదారి అని మా అభిప్రాయం. డెవ్‌స్క్రిప్ట్స్ ప్యాకేజీలోని డబ్ల్యూఎన్‌పీపీ-అలర్ట్ నడపండి. మీ మెషీన్‌లో ఉన్నవాటిలో దిక్కులేనివి, సాయం కోరుతున్నవి ఏవో చెబుతుంది. దిక్కులేనివాటిలో ఒకటి తీసుకుని రెండు బగ్‌లు సరిచేసి క్యూఏ అప్‌లోడ్‌కు (మెయింటైనర్ లేని ప్యాకేజీకి చేసే అప్‌లోడ్‌కు) అడగండి. ఇప్పటికే లోపల ఉన్న ప్యాకేజీ గనక స్పాన్సర్‌కు చదవాల్సింది మీ డిఫ్ (మీరు చేసిన మార్పులు) మాత్రమే.

ప్రశ్న: మా ఆఫీసు సర్వర్లను ఇబ్బంది పెడుతున్న బగ్‌ను మెయింటైనర్ (ఆ ప్యాకేజీ బాధ్యత చూసేవారు) 'వోంట్‌ఫిక్స్' (సరిచేయం) అని పక్కన పెట్టేశారు. ప్రాజెక్ట్ లీడర్‌కు రాస్తే ఆదేశం ఇస్తారా? ఓటింగ్ పెట్టించవచ్చా?
— సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్

జవాబు: లీడర్‌ను డెవలపర్లు ఏటా ఎన్నుకుంటారు. కానీ ఆ కుర్చీలో ఆదేశాలిచ్చే అధికారం పెద్దగా లేదు. డెలిగేట్లను (ఒక్కో పనికి అధికారం అప్పగించినవారిని) నియమించగలరు, ప్రాజెక్టు డబ్బు ఖర్చును ఆమోదించగలరు. తాను నియమించిన డెలిగేట్ తీసుకున్న నిర్ణయాన్ని మాత్రం తానే కొట్టేయలేరు. మీ ప్యాకేజీ విషయంలో మొదటి మాట మెయింటైనర్‌దే.

ఆయన మాట మీద అప్పీలు టెక్నికల్ కమిటీకి. అందులో గరిష్ఠంగా 8 మంది ఉంటారు. మెయింటైనర్‌ను కాదనాలంటే 3:1 మెజారిటీ కావాలి. కమిటీ తానుగా డిజైన్ చేయదు, ముందుకొచ్చిన పరిష్కారాల్లో ఒకటి ఎంచుతుంది, అదీ మిగతా దారులన్నీ మూసుకుపోయాకే. అంటే ప్యాచ్ (సరిచేసిన కోడ్) లేకుండా ఫిర్యాదు మాత్రమే పట్టుకెళ్తే ఫలితం ఉండదు. ఓటింగ్‌ను అంటే జనరల్ రిజల్యూషన్‌ను ప్రతిపాదించేది, సమర్థించేది, ఓటేసేది డెవలపర్లే. ప్రతిపాదకుడికి తోడు మామూలుగా ఐదుగురు మద్దతివ్వాలి. దాన్ని ఒక బగ్ మీద వాడరు. 2022లో ఇన్‌స్టాలర్‌లో నాన్‌-ఫ్రీ ఫర్మ్‌వేర్ (వైఫై లాంటి హార్డ్‌వేర్‌కు కావాల్సిన, స్వేచ్ఛా లైసెన్స్ లేని సాఫ్ట్‌వేర్) ఉండాలా వద్దా అన్నది అలా తేలింది. డెబియన్ హామీపత్రమైన సోషల్ కాంట్రాక్ట్‌ను సవరించాలి గనక అక్కడ 3:1 అవసరమైంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి వైఫై ఫర్మ్‌వేర్ కోసం వేరే ఇమేజ్ వెతుక్కునే బాధ తప్పింది.

మెయింటైనర్ కాదనకుండా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే దారి వేరు. బగ్‌లో ప్యాచ్ పెట్టి ఎన్‌ఎంయూ (మెయింటైనర్ కాని డెవలపర్ చేసే అప్‌లోడ్) కోరండి. ఏడు రోజులు దాటిన రిలీజ్-క్రిటికల్ (విడుదలనే ఆపే) బగ్‌లకైతే డిలేడ్ క్యూలో 2 రోజులు, 'ఇంపార్టెంట్' కూడా కలిస్తే 5, మిగతావాటికి 10 రోజులు ఆపి వదలడం ఆనవాయితీ. ప్యాకేజీయే వాడిపోతోందనిపిస్తే ఐటీఎస్ (ప్యాకేజీని చేపట్టాలనుకుంటున్నానని చెప్పే) బగ్ వేసి 21 రోజులు ఆగాలి. అభ్యంతరం రాకపోతే, 7 రోజుల డిలేతో అప్‌లోడ్ చేసి ప్యాకేజీని స్వీకరించవచ్చు.

ప్రశ్న: సరిచేసిన కోడ్ డెబియన్‌కు పంపాలా, అసలు ప్రాజెక్టుకా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, బెంగళూరు

జవాబు: కోడ్‌లోని తప్పయితే అసలు ప్రాజెక్టుకే, అంటే అప్‌స్ట్రీమ్‌కే ముందు పంపండి. తర్వాత ఆ లింకును డెబియన్ బగ్‌లో పెట్టండి. ప్యాకేజింగ్ తప్పయితేనే నేరుగా డెబియన్‌కు.

ఈ పట్టింపుకు పాత దెబ్బ ఒక కారణం. మెమరీ తనిఖీ టూల్స్ హెచ్చరికలు ఇస్తున్నాయని 2006లో డెబియన్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో ఒకే తరహా రెండు లైన్లు తీసేశారు. వాటిలో ఒకటి ర్యాండమ్ పూల్‌లోకి ఎంట్రోపీని (ఊహించలేని సమాచారాన్ని) కలిపే లైను. దాంతో కీలు తయారయ్యేటప్పుడు మిగిలిన తేడా ప్రాసెస్ నంబరు ఒక్కటే. ఒక్కో రకం కీకి 32,768 అవకాశాలు మాత్రమే మిగిలాయి. 2008 మే 13న బయటపెట్టేదాకా ఆ ప్యాచ్ డెబియన్‌లోనూ, ఉబుంటు లాంటి దాని ఉత్పన్నాల్లోనూ ఉండిపోయింది. అప్పటివరకు ఆ ప్యాచ్ ఉన్న సిస్టమ్‌లలో పుట్టిన ఎస్‌ఎస్‌హెచ్ కీలన్నీ పారేయాల్సొచ్చింది. ప్యాచ్ తలభాగంలో ఎవరు, ఎందుకు రాశారు, అప్‌స్ట్రీమ్‌కు పంపారా లేదా అని 'ఫార్వార్డెడ్' వరుస నింపమని రివ్యూలో అడిగితే విసుక్కోకండి.

ప్రశ్న: కోడ్ ఇచ్చేముందు కాపీరైట్ రాసివ్వాలా?
— పేరు వద్దన్న పాఠకుడు, విజయవాడ

జవాబు: అక్కర్లేదు. కాపీరైట్ మీదే ఉంటుంది. లైసెన్స్ డీఎఫ్‌ఎస్‌జీకి లోబడితే చాలు. మీ ఉద్యోగ ఒప్పందంలో కంపెనీకి హక్కులు రాసిచ్చి ఉంటే మాత్రం ముందు అక్కడ లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ప్రశ్న: నేను కోడ్ రాయను, తెలుగులోకి అనువదించగలను. ఎలా పంపాలి? నాలాంటివాళ్లకు ఓటు ఉంటుందా?
— డిగ్రీ కాలేజీ లెక్చరర్, వరంగల్

జవాబు: ఉంటుంది. ప్యాకేజీలు చేయనివాళ్లనూ పూర్తి సభ్యులుగా తీసుకోవాలని 2010లో ఓటింగ్‌తో నిర్ణయించారు. వాళ్లకు అప్‌లోడ్ హక్కు ఉండదు, ఓటు ఉంటుంది. అయితే కొన్నాళ్లు పని కనబడాలి, మీ జీపీజీ కీ మీద మామూలుగా కనీసం ఇద్దరు డెవలపర్ల సంతకాలుండాలి. గుర్తింపు కార్డు చూసి సంతకం చేస్తారు కాబట్టి ఎదురుపడి కలవాలి. వార్షిక సమావేశం డెబ్‌కాన్ఫ్ 2023లో కొచ్చిలోనే జరిగింది.

ఇక పని విషయానికొస్తే, ముందు డెబ్‌కాన్ఫ్ (ఇది సమావేశం కాదు, ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ప్రశ్నలడిగే ప్రోగ్రామ్) ప్రశ్నల అనువాదాలు తీసుకోండి. ప్యాకేజీ సోర్స్‌లోని పీఓ ఫైలును (అనువాదాలుండే ఫైలును) పీవోఎడిట్ ప్రోగ్రామ్‌లో తెరిచి, యూటీఎఫ్-8లో భద్రపరచండి. డాలరు గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య పెద్దక్షరాల్లో ఉన్న పేర్లు వేరియబుల్స్, వాటిని అనువదించకూడదు. వాటికి విభక్తి నేరుగా తగిలించినా ఇబ్బందే, ఎందుకంటే అక్కడికి ఏ పదం వచ్చి కూర్చుంటుందో మనకు తెలియదు. 'ఫలానా అనే డిస్క్‌లో' అన్నట్టు ఒక పదాన్ని మధ్యలో పెడితే, ఏ పేరు వచ్చినా వాక్యం నిలబడుతుంది. మామూలు ప్రోగ్రాముల్లో పర్సంట్-ఎస్‌లు (వేరే పదం వచ్చి కూర్చునే గుర్తులు) రెండుంటే తెలుగు వాక్యక్రమంలో అవి తారుమారవుతాయి. అప్పుడు ఒకటో నంబరు, రెండో నంబరు వేసి రాసే పద్ధతి వాడకపోతే పేర్లు అటుదిటు అచ్చవుతాయి.

పంపేముందు, పీఓ ఫైలును తనిఖీ చేసే ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీని మైనస్-సీ ఆప్షన్‌తో నడపండి, లైను చివరి తేడాలూ పట్టిస్తుంది. తర్వాత బగ్‌లు పంపే రిపోర్ట్‌బగ్ టూల్‌తో 'విష్‌లిస్ట్' తీవ్రత, 'ఎల్10ఎన్' (స్థానికీకరణ), 'ప్యాచ్' ట్యాగులు పెట్టి ఫైలును జతచేయండి. ఇన్‌స్టాలర్‌లో మీ తెలుగును సరిచూడాలంటే గ్రాఫికల్ ఇన్‌స్టాల్ ఎంచుకోండి, టెక్స్ట్ మోడ్‌లో భాషల జాబితాలో తెలుగు కనిపించదు.